మీటరు చూసి ఆయిల్ మారుద్దాం, దసరా చూసి కాదు

(గుడివాడలో జరిగిన ట్రాక్టరు, ఆయిల్ ఇంజన్ రైతుల శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

మన తరగతుల్లో మామూలుగా కాలవ నీళ్ళ గురించి, ధాన్యం కొనుగోలు గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇంజన్ ఆయిల్ గురించి చెప్పమన్నారు. ఇది కూడా సంఘం మాట్లాడే విషయమేనా అని కొందరు నవ్వారు. మేము మెకానిక్కులం కాదు. హైస్కూలు చదువుతో ఆపి వ్యవసాయంలో దిగినవాళ్ళం. కానీ సమయానికి ఆయిల్ మార్చక, ఒక పంట డబ్బు తీసుకెళ్ళి షెడ్డులో పోసి వచ్చినవాళ్ళం. ముందు ఆ సంగతే చెబుతాం.

మా ఊళ్ళో మేము ఐదు కుటుంబాలం కలిసి ఒక పాత ట్రాక్టరు కొనుక్కున్నాం. 2023 డిసెంబరు మొదటి వారం మీ అందరికీ గుర్తుంటుంది. మిచాంగ్ తుపాను వస్తోందని ఫోన్లు మోగుతున్నాయి. సార్వా కోతలు సగంలో ఉన్నాయి. నూర్చిన ధాన్యం బస్తాలు చేల గట్ల మీద ఉన్నాయి. రాత్రీ పగలూ ట్రాక్టరు తిప్పుతున్నాం. అప్పటికే రెండు రోజులుగా ఆయిల్ లైటు వెలిగి ఆరిపోతోందని డ్రైవరు తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. ‘ఈ బస్తాలు రోడ్డు ఎక్కనీ, తర్వాత చూద్దాం’ అన్నాం మేము. మూడో తారీఖు సాయంత్రం లోడుతో వస్తూ ఇంజన్ పట్టేసింది. డొంకలో అడ్డంగా నిలబడిపోయింది. అద్దెకు ఇంకో బండి తెద్దామంటే ఎవరి తొందర వాళ్ళది. అయిదో తారీఖున బాపట్ల దగ్గర తుపాను తీరం దాటింది. మా బస్తాలు సగం తడిశాయి. ధాన్యం రంగు మారింది, మొలకెత్తింది, ధర తెగ్గోశారు.

తర్వాత షెడ్డులో ఇంజన్ విప్పారు. క్రాంకు బేరింగులు కరిగిపోయాయి. క్రాంకు సానబట్టించాలి, లైనర్లు, పిస్టన్లు మార్చాలి అన్నారు. మొత్తం మీద డెబ్భై వేలు దాటింది. మేస్త్రి ఫిల్టరు కోసి చూపిస్తే లోపల తారు ముద్దలా ఉంది. ‘దీన్ని ఎప్పుడు మార్చారండీ?’ అని అడిగాడు. ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాళ్ళు మార్చి ఉంటారని వీళ్ళు, వీళ్ళు మార్చి ఉంటారని వాళ్ళు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మాకు అచ్చంగా సరిపోయింది. అప్పట్లో ఆయిల్, ఫిల్టరు కలిపి మార్చడానికి అయ్యే ఖర్చు నాలుగు వేల లోపే. ఆ నాలుగు వేలు వెనకేసుకుందామని చూసి డెబ్భై వేలు పోగొట్టుకున్నాం. ధాన్యం నష్టం వేరే లెక్క.

ఆయిల్ చేసే పని ఏమిటి?

ఆయిల్ ఇనుముకూ ఇనుముకూ రాపిడి లేకుండా చేస్తుందని అందరికీ తెలుసు. అదొక్కటే కాదు. రేడియేటరు నీళ్ళు చేరలేని పిస్టన్ అడుగు, బేరింగుల నుంచి వేడిని తీసుకుపోతుంది. రింగులకూ లైనరుకూ మధ్య సందు మూసి కంప్రెషన్ నిలబెడుతుంది. డీజిల్ మండినప్పుడు వచ్చే మసిని తనలో కలుపుకుని ఇంజన్ లోపల కడుగుతుంది. తుప్పు పట్టకుండా చూస్తుంది. సముద్రపు గాలి తగిలే బందరు, కోడూరు, నాగాయలంక వైపు ఈ చివరి పని కూడా చిన్నదేమీ కాదు.

ఇన్ని పనులు చేయడానికి ఆయిల్‌లో కొన్ని మందులు కలుపుతారు. పనిచేసే కొద్దీ ఆ మందు అరిగిపోతుంది. చేలో వేసిన ఎరువు కొన్నాళ్ళకు అయిపోయినట్టే ఇదీ. అప్పుడు చూడడానికి ఆయిల్ ఉంటుంది, బలం ఉండదు. అందుకే ‘లెవెల్ ఉందిగా, ఇంకెందుకు మార్చడం’ అనే మాట తప్పు. తగ్గినప్పుడల్లా పైన అర లీటరు పోస్తున్నాం కదా అనేదీ తప్పే. పైన పోయడం వేరు, మార్చడం వేరు.

రంగు చూసి చెప్పేవాళ్ళూ ఉన్నారు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. అది మసిని పట్టుకుంటోందని అర్థం, చెడిపోయిందని కాదు. నల్లగా ఉంది కాబట్టి మార్చాలనీ లేదు, ఇంకా పల్చగా బాగానే ఉంది కాబట్టి ఆగవచ్చనీ లేదు. వేలికి రాసుకుని చెప్పే జోస్యం మీద ఇంజన్ బతకదు. లెక్క మీద బతుకుతుంది.

ఆ లెక్క ఎలా?

మోటారు సైకిలుకు కిలోమీటర్ల లెక్క ఉంది. ట్రాక్టరుకు గంటల లెక్క. ఎందుకంటే ట్రాక్టరు ఒకచోట నిలబడి నీళ్ళు తోడినా, నూర్పిడి చేసినా కిలోమీటరు కదలదు, ఇంజన్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. అందుకే మీటరు మీద గంటలు చూపిస్తారు.

కొత్త ట్రాక్టరుకు మొదటి మార్పు తొందరగా ఉంటుంది. చాలా కంపెనీలు 50 గంటలకు చెబుతాయి. కొత్త ఇనుము ఒరుసుకుని వచ్చిన పొడి అంతా ఆ ఆయిల్‌లో ఉంటుంది కాబట్టి. తర్వాత మన దగ్గర ఎక్కువగా ఉన్న పాత మోడళ్ళకు 250 గంటలు. కొత్త మోడళ్ళలో కొన్నిటికి అంతకంటే ఎక్కువ ఇచ్చారు. నీటికి వాడే చిన్న ఆయిల్ ఇంజన్లకు ఇంకా తక్కువ గంటలకే మార్చమనేవి ఉన్నాయి. మీ బండికి ఎంతో మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పక్కవాడి బండికి చెప్పింది మన బండికి కుదరకపోవచ్చు. పుస్తకం పోతే డీలరు దగ్గర అడిగి ఆ ఒక్క పేజీ అయినా రాయించుకోండి.

ఇప్పుడు మన డెల్టాలో జరిగేది చూద్దాం. చాలామందిమి ఆయిల్ ఎప్పుడు మారుస్తాం? దసరాకు, ఆయుధ పూజ రోజున. బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు ఆయిల్ మారుస్తాం. పూజ చేసుకోవద్దని మేము అనం. కానీ లెక్క చూడండి. జూన్, జులైలో కాలవలు వదిలారంటే అందరికీ దమ్ము ఒకేసారి. చివరి భూములవాళ్ళం నీళ్ళు అందిన నాలుగు రోజుల్లో ముగించాలి. రోజుకు 8 గంటల చొప్పున 30 రోజులు తిరిగితే 240 గంటలు. అంటే ఒక్క దమ్ము సీజనులోనే 250 గంటల బండికి ఆయిల్ ఆయుష్షు అయిపోయింది. అక్కడి నుంచి దసరా దాకా, కొందరివి కోతల దాకా, బలం లేని ఆయిల్ మీదే నడుస్తున్నాయి. అదీ ఎలాంటి పని? మోకాలి లోతు బురదలో, కేజ్ వీల్స్ మీద, పూర్తి బరువుతో. ఇంజన్‌కు ఇంతకంటే కష్టమైన పని లేదు.

కాబట్టి అద్దెకు తిరిగే బండికి మేము చెప్పే లెక్క ఇది: దమ్ముకు దిగే ముందు మీటరు చూడండి. మిగిలిన గంటలు దమ్ము పూర్తయ్యేదాకా సరిపోవనుకుంటే ముందే మార్చి దిగండి. దమ్ము అయ్యాక మళ్ళీ చూడండి. కోతలకు ముందు మళ్ళీ చూడండి. ఏడాదికి రెండుసార్లు కావచ్చు, నాలుగుసార్లు కావచ్చు. అది మీటరు చెబుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సొంత నాలుగెకరాలకే వాడుకునేవాళ్ళకు ఏడాదికి 100, 150 గంటలు కూడా తిరగదు. గంటలు కాలేదని రెండు మూడేళ్ళు వదిలేస్తున్నారు. అదీ తప్పే. కదలకుండా ఉన్న ఇంజన్‌లో చెమ్మ చేరుతుంది, ఆయిల్ పులుస్తుంది, బేరింగులను తినేస్తుంది. గంటలు కాకపోయినా ఏడాదికి ఒకసారి తప్పకుండా మార్చాలి. వాళ్ళకు దసరా లెక్క సరిపోతుంది.

పాత బండ్లలో చాలావాటికి మీటరు కేబుల్ తెగిపోయి ఉంటుంది. పనిచేసే మీటరు అయినా, పాత రకంలో అది ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి లెక్క పెడుతుంది. నిదానంగా తిరిగితే గంటకు గంట చూపించదు. అందుకని ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఆ రోజు ఎన్ని గంటలు, ఎవరి చేలో, ఎంత డీజిల్ పోశాం, ఆయిల్ ఎంత కలిపాం. నాలుగు గడులు. మా ఐదు కుటుంబాలం ఇప్పుడు అదే చేస్తున్నాం. పుస్తకం బండి సీటు కింద ఉంటుంది, డ్రైవరు తమ్ముడు రాస్తాడు, నెలకొకసారి అందరం చూస్తాం. దానివల్ల అద్దె బాకీల తగాదాలు కూడా తగ్గాయి.

ఫిల్టరు సంగతి

ఆయిల్ మార్చి పాత ఫిల్టరు ఉంచేసేవాళ్ళు మనలో చాలామంది. నాలుగైదు వందలు మిగులుతాయని. ఫిల్టరు పూడుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకూడదు కదా, అందుకని అందులో ఒక పక్కదారి పెడతారు. ఫిల్టరు పూడగానే ఆ దారి తెరుచుకుని వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు పోతుంది. బండి ఆగదు, శబ్దం రాదు, మనకు తెలియదు. లోపల మాత్రం ఇసుక పోసి రుద్దినట్టే. పైగా పాత ఫిల్టరులో మిగిలిన మురికి ఆయిల్ కొత్తదానిలో కలుస్తుంది. కడిగిన గిన్నెలో నిన్నటి పులుసు పోసినట్టు. కంపెనీ పుస్తకంలో వేరేగా రాసి ఉంటే తప్ప, ఆయిల్‌తోపాటే ఫిల్టరు. డీజిల్‌తో కడిగి మళ్ళీ బిగించడం వద్దు. కాగితం ఫిల్టరు కడిగితే చిరుగుతుంది. చిన్న ఇంజన్లలో జల్లెడ ఉంటే దాన్ని మాత్రం కడిగి పెట్టుకోవచ్చు.

ఎయిర్ ఫిల్టరును కూడా దీనితో కలిపే చూడాలి. మినుము తీశాక ఎండాకాలం పొడి దుక్కిలో రేగే దుమ్ము అంతా ఇంజన్ పీల్చేది దాని గుండానే. పాత ట్రాక్టర్లలో కింద ఆయిల్ గిన్నె ఉంటుంది. దుమ్ము పనిలో ఉన్నన్నాళ్ళూ రోజూ గిన్నె తీసి చూడాలి. అడుగున మట్టి పేరుకుంటే పారబోసి, కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయాలి. ఆ దుమ్ము లోపలికి పోతే ఎంత మంచి ఇంజన్ ఆయిల్ అయినా కాపాడలేదు.

మార్చే పద్ధతి

బండిని సమంగా ఉన్నచోట పెట్టండి. ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కింద నట్టు విప్పండి. చల్లారిన ఆయిల్ దిగదు, మడ్డి అడుగునే ఉండిపోతుంది. పూర్తిగా కారనివ్వండి. కొత్త ఫిల్టరు రబ్బరు వాషరుకు కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగించండి, పానా వేసి నలిపేయొద్దు. పుస్తకంలో చెప్పినంత పోసి, రెండు నిమిషాలు నడిపి, కారుతోందేమో చూసి, ఆపి, పది నిమిషాలు ఆగి గేజి పుల్ల తీసి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటినా నష్టమే. ‘ఇంకో అర లీటరు ఉంటే మంచిదేగా’ అనుకోవద్దు.

ఆయిల్ డబ్బా మీద 15 డబ్ల్యూ 40, 20 డబ్ల్యూ 40 అని ఉంటుంది. అది చిక్కదనం. దాని పక్కన సీహెచ్-4, సీఐ-4 వంటి గుర్తులుంటాయి. అది నాణ్యత తరగతి. రెండూ పుస్తకంతో సరిచూసుకోండి. హైడ్రాలిక్, గేరు ఆయిల్ వేరు, ఇంజన్ ఆయిల్ వేరు. బిల్లు లేకుండా కొనొద్దు. గ్యారంటీ కాలంలో ఇంజన్ పోతే డీలరు మొదట అడిగేది ఆ బిల్లులే. ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాడికి అమ్మేముందు మేకుతో చిల్లు పొడవండి. నకిలీ ఆయిల్ తిరిగి వచ్చేది ఆ డబ్బాల్లోనే.

గంటలు చూడకుండా వెంటనే ఆపాల్సినవి

మొదటిది, నడుస్తుండగా ఆయిల్ లైటు వెలిగితే. అక్కడికక్కడే ఆపాలి, గట్టెక్కేదాకా కూడా వద్దు. మేము నేర్చుకున్న పాఠం అది. రెండోది, గేజి పుల్ల మీద ఆయిల్ తెల్లగా మజ్జిగలా కనిపిస్తే. లోపలికి నీళ్ళు చేరాయి. మూడోది, ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగితే. డీజిల్ కలుస్తోందేమో వాసన చూడండి. పల్చబడిన ఆయిల్ బేరింగును కాపాడదు.

నాలుగోది ప్రత్యేకంగా దివిసీమవాళ్ళకు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల మనది. వరదలో, మురుగు పొంగులో ఇంజన్ మునగడం మనకు కొత్త కాదు. నీళ్ళు తీశాక ఆత్రంగా హ్యాండిల్ వేసి స్టార్టు చేయొద్దు. నీళ్ళు పైకి చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ఆయిల్, డీజిల్ అంతా దింపండి, ఫిల్టర్లన్నీ తీసేయండి, మేస్త్రిని పిలిచి ఇంజెక్టరు విప్పించి, ఉన్న నీళ్ళు బయటికి పోయేలా చేత్తో తిప్పించండి. తర్వాతే కొత్త ఆయిల్. కాసేపు నడిపాక దాన్ని కూడా దింపి ఇంకోసారి మార్చాలి. ఉప్పునీరైతే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

దింపిన ఆయిల్ ఎక్కడికి పోతోంది?

ఇది అడగకుండా వదిలేస్తే మన మాట సగమే. కాలవ గట్టున నట్టు విప్పి అక్కడే వదిలేయడం చూస్తున్నాం. దోమలు చస్తాయని మురుగులో పోసేవాళ్ళూ ఉన్నారు. మిత్రులారా, దివిసీమలో, బందరు తీరంలో బోరు వేస్తే ఉప్పునీరు. మనం తాగేది కాలవ నీళ్ళే. వేసవికి చెరువుల్లో నింపుకునేదీ అవే. పైవాళ్ళు వదిలిన ఆయిల్ కింది ఊరి పిల్లల బిందెలోకి వస్తుంది, కింది ఊరి రొయ్యల చెరువులోకి వస్తుంది. వాడిన ఆయిల్‌ను 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చారు. పాత డబ్బాలో పట్టి, మూత పెట్టి, షెడ్డులో ఇవ్వండి. తిరిగి శుద్ధి చేసేవాళ్ళకు అది సరుకే.

సంఘం చేయాల్సింది

కొందరు రైతులు ‘డ్రైవర్లే బండి పాడుచేస్తారు’ అంటారు. మా బండి విషయంలో లైటు వెలుగుతోందని చెప్పింది డ్రైవరు, వినంది మేము. ఎకరానికి ఇంత అని కూలి కట్టి, గంట ఆపితే కూలి తెగ్గోస్తామంటే ఏ డ్రైవరు బండి ఆపుతాడు? ఆయిల్ మార్చే పూట కూడా డ్రైవరుకు కూలి ఇవ్వాలి. ఇది మన సంఘం మనకే పెట్టుకోవలసిన నియమం.

చేతిలో డబ్బు లేకే వాయిదా వేస్తున్నామనేది కూడా నిజం. అద్దె డబ్బు పంట వచ్చాక గాని రాదు, ఆయిల్ డబ్బు మాత్రం ముందు కట్టాలి. అందుకే గ్రామ కమిటీలు దమ్ముకు ముందే ఎన్ని బండ్లు, ఎన్ని ఇంజన్లు ఉన్నాయో జాబితా రాసి, అందరికీ కలిపి పెద్ద డబ్బాలు బిల్లు మీద కొనాలి. ప్రతి గంట అద్దెలో ఇరవై రూపాయలు పక్కన పెడితే 250 గంటలకు 5 వేలు. ఆయిల్, ఫిల్టరు ఖర్చు అందులోనే వస్తుంది. అప్పు చేయనక్కరలేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ట్రాక్టరు మీద జీఎస్‌టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ ట్రాక్టరు పదేళ్ళకోసారి కొంటాం, ఆయిల్ ఏడాదికి మూడుసార్లు కొంటాం. దాని మీద 18 శాతం అలాగే ఉంది. 2021 నుంచి డీజిల్ మీద లీటరుకు 4 రూపాయలు వ్యవసాయ మౌలిక సదుపాయాల పేరుతో సెస్సు వేస్తున్నారు. వ్యవసాయం పేరు చెప్పి తీసుకున్న డబ్బులో మన మండలాలకు ఒక యంత్రాల శిక్షణ శిబిరం అయినా రావాలి కదా. యంత్రాల శిక్షణకు కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. దివిసీమ కౌలు రైతు అక్కడికి పోలేడు. ఏటా మే నెలలో, కాలవలు వదలక ముందే, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో, గుడివాడలో, బందరులో ఇంజన్ శిబిరాలు పెట్టాలని అడుగుదాం. వాడిన ఆయిల్ తీసుకునే కేంద్రం మండలానికొకటి, నకిలీ ఆయిల్ మీద తనిఖీలు కూడా అడుగుదాం.

గిట్టుబాటు ధర మన చేతిలో లేదు, దాని కోసం పోరాడుతున్నాం. తుపాను మన చేతిలో లేదు. ఆయిల్ ఎన్ని గంటలకు మార్చాలనేది మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే అందరం ఒక పని చేద్దాం. గేజి పుల్ల తీసి ఆయిల్ చూద్దాం, మీటరు ఎంత తిరిగిందో చూసి నోటు పుస్తకం మొదటి పేజీలో రాద్దాం. వచ్చే తరగతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకాలు తెచ్చుకోండి. మాదీ తెస్తాం.

సెలవు.